జీతం అంటే సాలరీ కాదు

(పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దళిత విద్యార్థులు, సంఘ కార్యకర్తల ముందు ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్ది మార్పులతో అచ్చువేస్తున్నాం.)



ఈ ముచ్చట పెడతమన్నప్పుడు మన సంఘంలోనే కొందరు నారాజైండ్రు. అసైన్డ్ భూముల గొడవ తెగలేదు, ఫీజుల బకాయిలు రాక పిల్లలు సర్టిఫికెట్ల కోసం కాలేజీల చుట్టూ తిరుగుతున్నరు, అదంతా ఇడిసిపెట్టి ఫోన్లల్ల రాసే యంత్రం ముచ్చట ఎందుకని అడిగిండ్రు. అడగాల్సిందే. మా జవాబు మా ఇంటి కాగితం నుంచే మొదలుపెడతం.

మా తాత పేరు మీద ఎకరం ముప్పై గుంటల చెలక ఉండేదట. ఒకనాడు పట్వారి కాగితం తెచ్చి, "ఏంలేదురా, శిస్తు కాగితం" అని వేలిముద్ర పెట్టించుకున్నడు. ఆ కాగితంలో ఏం రాసి ఉన్నదో పట్వారికి ఎరుక, దొరకు ఎరుక. వేలు మాత్రం మా తాతది. సంగతి భూమి పోయినంకనే తెలిసింది. మీలో సగం మంది ఇండ్లల్ల ఇదే కథ ఉంటది, ఊరి పేర్లే వేరు. పటేల్ పట్వారీలు 1980లలో పోయిండ్రు. మా ఇంట్లో సంతకం చేసిన మొదటి తరం మేమే. మా చేతుల్లో చదివిన పిల్లలు ఇయ్యాల కాకతీయలో, శాతవాహనలో, ఉస్మానియాలో పరిశోధన దాక పోయిండ్రు. సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో "ఇది నా సొంత రచన" అని రాసి సంతకం పెడతరు. లోపల ఏమున్నదో అర్థం చేసుకోకుండ పెట్టిన సంతకానికి, మా తాత వేలిముద్రకు తేడా ఏమున్నది? మా తాతకు అక్షరం రాకపోయె. మనకు వచ్చు గదా.

అందుకే ఈ ముచ్చట పెట్టినం.

కృత్రిమ మేధ అంటరు, ఏఐ అంటరు. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో జనంలోకి వచ్చింది. ఆ తర్వాత జెమినీ, క్లాడ్, కోపైలట్, ఇంకా ఎన్నో. ఇక్కడ కూసున్న పెద్దమనుషులకు అర్థం కావాలంటే పెండ్లి కార్డు యాది చేసుకోండి. "మా ద్వితీయ పుత్రిక" అని చదవంగనే తర్వాత "చి.ల.సౌ." వస్తదని మనకు తెలుసు. "బంధుమిత్ర సపరివార సమేతంగా" అనంగనే "విచ్చేసి" అని నోటికొస్తది. వంద కార్డులు చూసినోడు నూట ఒకటోది కండ్లు మూసుకొని రాస్తడు. ఈ యంత్రం కోట్ల కొద్ది పేజీలు చూసి, ఏ మాట ఎనుక ఏ మాట వస్తదో లెక్కకట్టి రాస్తది. మాటలు చక్కగ పడతయి. కానీ పిల్ల పేరు, ముహూర్తం, ఫంక్షన్ హాలు ఎవలన్న చెప్తేనే గదా కార్డు నిజమయ్యేది. చెప్పకపోతే యంత్రం ఊకుంటదన్న నమ్మకం లేదు. ఏదో ఒక పేరు, ఏదో ఒక ముహూర్తం పెట్టి కార్డు తయారుచేసి చేతిలో పెడతది. అది పట్టుకొని పోతే అక్కడ పందిరి ఉండదు, పెండ్లి ఉండదు.

చదువురానోళ్ళే ఇట్ల మోసపోతరనుకోవద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్ళు ఒక విమాన కంపెనీ మీద కేసులో చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను కోర్టుకు రాసిచ్చిండ్రు. ఆ తీర్పులు ఏ కోర్టూ ఇయ్యలేదు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేసిండు.

ఇగ మన ఊరి ముచ్చటకు వస్తం. జగిత్యాల దిక్కున ఒక చెల్లె, మా బడిలో చదివిన పిల్లనే, జీతగాండ్ల బతుకుల మీద పరిశోధన చేస్తున్నది. వాళ్ళ ఊరి ముసలోళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసుకున్నది. గ్రంథమేమో ఇంగ్లీషులో రాయాలె. ఇంగ్లీషంటే ఆమెకు డిగ్రీ దాక భయం. ఆ మాటలన్నీ తెలుగులో టైపు చేసి, యంత్రానికిచ్చి ఇంగ్లీషు చేయించింది. మాకు చూపెట్ట తెచ్చింది. చూస్తే మాకే ఈర్ష్య పుట్టింది, అంత నున్నగ ఉన్నది ఆ ఇంగ్లీషు.

రెండో పేజీలో ఆగినం. వాళ్ళ పెద్దనాయిన చెప్పిన మాట: "మా నాయిన దొర దగ్గర పన్నెండేండ్లు జీతమున్నడు." దానికి యంత్రం రాసిన ఇంగ్లీషును మళ్ళీ తెలుగులో చెప్తే ఇట్ల వస్తది: "మా నాన్నగారు భూస్వామి వద్ద పన్నెండేళ్ళు సాలరీ తీసుకున్నారు."

నవ్వకండి. ఇది ఒక్క మాట తప్పు కాదు. ఆ యంత్రం చదివిన తెలుగు ఎవరి తెలుగు? పేపర్ల తెలుగు, ఆఫీసుల తెలుగు, సినిమాల తెలుగు. ఆ తెలుగులో జీతం అంటే ఒకటో తారీఖున బ్యాంకులో పడేది. మన తెలుగులో జీతమంటే పశువుల కొట్టంలో పండుకొని, తెల్లారకముందే లేచి పెండ దీసి, అప్పు తీరేదాక దొర గడప కాడ పడి ఉండుడు. ఆ అప్పు తీరకపోతే కొడుకు కుదురుడు. మనిషిని కుదువబెట్టిన కథ పోయి ఉద్యోగం చేసిన కథ అయింది. రేపు ఎవలో ఒకరు ఈ గ్రంథాన్నే చూపెట్టి, కరీంనగర్ జిల్లాలో దళితులకు ఆ కాలంలనే జీతాలిచ్చిండ్రని రాస్తే జవాబు ఎవలు చెప్పాలె?

ఇంకా కిందికి పోయినం. అధ్యాయం చివర ఒక పేరా ఉన్నది. కష్టాలున్నప్పటికీ యజమానులకు, పనివారికి మధ్య పరస్పర ఆత్మీయత ఉండేదని అందులో రాసి ఉన్నది. "ఇది ఎవలు చెప్పిండ్రు బిడ్డా" అని అడిగినం. "ఎవలు చెప్పలేదు సార్, అదే కలిపింది, బాగున్నదని ఉంచిన" అన్నది. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు. ఇంగ్లీషులో ఉన్నదంటే నిజమే అయి ఉంటదని నమ్మే అలవాటు బడిలో మేము నేర్పిందే.

ఆదివారం నాడు ఆమెతోని వాళ్ళ ఊరికి పోయి ఆ వాక్యాన్ని పెద్దనాయినకు తెలుగులో చదివి వినిపించినం. ఆయన చాలాసేపు ఏమనలేదు. బీడీ ముట్టించుకున్నడు. ఆనక "ఆత్మీయత అంటే ఏంది బిడ్డా?" అని అడిగిండు.

తిరిగొచ్చి 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం తీసినం. మీరూ తీసి చూడండి. నిర్వచనాల దగ్గర, దేశంలో ఈ కట్టుబానిసతనానికి ఏ ప్రాంతంలో ఏ పేరున్నదో వరుసగా ఉంటది. భగేలా ఉన్నది, జీతా ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. పార్లమెంటు ఒప్పుకొని చట్టంలో రాసుకున్న మాట అది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించేదాక పోయిన కొట్లాటల్లో జీతగాండ్ల కూలి ముచ్చట, వెట్టి ముచ్చట ఉన్నయి. అంతమంది కొట్లాడి ఒప్పించిన మాట ఒక్క నిమిషంలో సాలరీ అయిపోయింది.

పుస్తకాల పట్టీ ముచ్చట కూడా చెప్పాలె. అదే చెల్లె ఆధార గ్రంథాలు అడిగితే యంత్రం 9 పేర్లిచ్చింది. రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నెంబరుతో సహా. లైబ్రరీలలో, శోధ్‌గంగలో వెతికితే 4 దొరికినయి. రెండింటికి రచయిత నిజం, పుస్తకం అబద్ధం. మూడింటికి పత్తాయే లేదు. ఉండాల్సిన పుస్తకం మాత్రం ఆ పట్టీలో లేదు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో హైదరాబాద్ రాజ్యంలోని దళితుల ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రాసి పెట్టిపోయిండు. మనోడు, మన కోసం, ఎవరూ రాయని కాలంలో రాసింది.

ఆధారం చూపుడు గైడ్‌ను సంతోషపెట్టే పని అని మన పిల్లలు అనుకుంటున్నరు. అంబేడ్కర్ 1946లో అచ్చయిన "శూద్రులెవరు?" తెరిచి చూడండి. అడుగడుగునా ఏ మాట ఏ గ్రంథంలో ఉన్నదో చూపిస్తడు. ఎదుటివాడు మొదట పట్టుకునేది ఆధారాన్నే అని ఆయనకు బాగా ఎరుక. ముందుమాటలో ఇంకో సంగతి ఉన్నది. తాను సంస్కృత పండితుణ్ణి కాదని, ఇంగ్లీషు అనువాదాల సహాయంతో చదివానని ఆయనే ఒప్పుకున్నడు. అయినా ఈ విషయం మీద రాసే హక్కు తనకున్నదని వాదించిండు. ఏ సహాయం తీసుకున్నడో దాచలేదు, తీసుకున్నందుకు సిగ్గుపడలేదు, చెప్పిన మాటకు బాధ్యత తనమీదనే పెట్టుకున్నడు. ఏఐ వాడే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

అట్లని యంత్రాన్ని ముట్టద్దు అంటమా? ముట్టద్దన్న మాట మనకు కొత్తదా! మన పిల్లలకు ట్యూషన్లు లేవు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే మేనమామలు లేరు. రాత్రి పదకొండు గంటలకు "ఈ పేరా సమజ్ కాలేదు" అంటే విసుక్కోకుండ నాలుగు తీర్ల చెప్పే పంతులు మనకు ఎన్నడు దొరికిండు? మేము విసుక్కుంటం, ఒప్పుకుంటున్నం. పెద్దకులాల పిల్లలు ఇంట్లో ఉచితంగ నేర్చుకున్నది మన పిల్ల ఈ యంత్రాన్ని అడిగి నేర్చుకుంటే తప్పేమీ లేదు.

"ఏది మంచిది సార్, పైసలు కట్టేదా, ఉత్తగ వచ్చేదా?" అని అడుగుతరు. పని ఏందో చెప్పు, తర్వాత పనిముట్టు చూద్దాం. కొడవలితోని బాయి తవ్వలేం. పుస్తకాలు, పాత పరిశోధనలు వెతకాలంటే మాటలు చెప్పే యంత్రం దగ్గరికి పోవద్దు. శోధ్‌గంగ ఉన్నది, దేశంలోని యూనివర్సిటీల గ్రంథాలు పైస ఖర్చు లేకుండ చదువుకోవచ్చు. గూగుల్ స్కాలర్ ఉన్నది, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉన్నది. దొరికిన పుస్తకం పెద్దగ ఉంటే, నోట్‌బుక్ ఎల్ఎమ్ లాంటివి మనం ఎక్కించిన కాగితాల మీద ఆధారపడి జవాబిచ్చి, ఆ ముచ్చట ఎక్కడున్నదో చూపెడతయి. చూపెట్టిన కాడికి పోయి మన కండ్లతోని చదవాలె, అక్కడ ఆగిపోతే మళ్ళీ పట్వారి ముచ్చటే. ఇంగ్లీషు దిద్దుకోవాలంటే ముందు పేరా మనమే రాయాలె, వంకరటింకరగ అయినా సరే. రాసినంక "తప్పులు చూపెట్టు, ఎందుకు తప్పో చెప్పు, తిరగ రాయకు" అని అడగాలె. తిరగ రాయమంటే నున్నగ చేసి ఇస్తది, ఆ నునుపులో మన మాట జారిపోతది. తర్జుమాకు కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన భాషిణి ఉన్నది, వేరేవి కూడా ఉన్నయి. ఏదైనా చిత్తుప్రతికే. వెట్టి, జీతం, జోగిని, డప్పు, ఇసొంటి మాటలను తర్జుమా చేయకుండ అట్లనే ఉంచి, కింద అర్థం మనమే రాయాలె. ఇవేవీ పైసలు కట్టకుండనే మొదలుపెట్టొచ్చు. నెలకింత కట్టమంటే స్కాలర్‌షిప్ రాని పిల్ల ఎక్కడ నుంచి తెస్తది?

ఆదిలాబాద్ తమ్ముళ్ళకు ఇంకో మాట. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికిన సంగతి మీకు తెలుసు. ఆ గుంజాల గోండి అక్షరాలకు కంప్యూటర్ల లోకంలో, యూనికోడ్‌లో, చోటు దొరికింది 2018లోనే. మరి ఈ యంత్రం ఆ అక్షరాలల్ల ఎంత చదివి ఉంటదో మీరే లెక్కేసుకోండి. గోండుల మీద, కొలాముల మీద, మన జాంబపురాణం మీద అది ధీమాగ పది పేజీలు రాసిస్తే, రాసిన ధీమాను చూసి మోసపోవద్దు. చిందోళ్ళను, డక్కలోళ్ళను, ఊరి ముసలమ్మను అడగండి. యంత్రం చదవని పుస్తకాలు వాళ్ళే.

కులం ముచ్చట రాకుండ ఉంటదా! 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ అనే అమెరికా పత్రిక ఒక సంగతి రాసింది. ఒక దళిత పరిశోధకుడు బెంగళూరులో ఫెలోషిప్ కోసం దరఖాస్తు రాసుకొని, ఇంగ్లీషు సవరించమని చాట్‌జీపీటీకిచ్చిండు. అది ఇంగ్లీషుతో పాటు ఆయన ఇంటిపేరు కూడా సవరించి "శర్మ" అని పెట్టింది. అదే పత్రిక 105 వాక్యాలిచ్చి ఖాళీలు పూరించమంటే, చాట్‌జీపీటీ వెనుక ఉన్న కొత్త నమూనా 80 వాక్యాలల్ల పాత కులబుద్ధి ప్రకారమే నింపింది. తెలివైనోడు అంటే ఒక కులం, మోరీ తీసేటోడు అంటే ఇంకో కులం. లోకం రాసిందే అది చదివింది. అచ్చుకు పంపే ముందు మీ పేరు మీ పేరుగనే ఉన్నదా అని కూడా చూసుకోవాల్సిన కాలం వచ్చింది.

ఇగ దొంగతనం ముచ్చట. బీఎడ్ రికార్డులు జిరాక్స్ షాపులల్ల దొరకని పట్నం ఉన్నదా? పైసలున్నోడు గ్రంథం రాయించుకొని డాక్టర్ అయిన సంగతి అందరికీ ఎరుకే. యంత్రం రాకముందు నుంచీ ఉన్నదే ఇది. ఇప్పుడు "ఏఐ రాతను పట్టేస్తం" అనే యంత్రాలు కూడా వచ్చినయి. అవి మొదట ఎవల మీద పడుతున్నయి?

మంచిర్యాల దిక్కు తమ్ముడొకడు తన చేతితోని రాసిన అధ్యాయం కాలేజీలో ఇస్తే, సగానికన్న ఎక్కువ ఏఐ రాసిందని రిపోర్టు చూపెట్టిండ్రు. "ఇంత ఇంగ్లీషు నీకు ఎక్కడిది?" అన్న మాట కూడా అన్నరట. ఆ మాటకు పిల్లగాడు వారం రోజులు క్లాసుకు పోలేదు. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇట్ల పట్టే యంత్రాలు ఏడింటిని పరీక్షించిండ్రు. ఇంగ్లీషు తల్లిభాష కానోళ్ళు పరీక్షలో సొంతంగ రాసిన 91 వ్యాసాలు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసినవేనని తేల్చినయి. అమెరికా పిల్లల వ్యాసాల కాడ ఆ తప్పు చాలా తక్కువ. కారణం ఏందంటే, నేర్చుకున్న ఇంగ్లీషులో సాదా మాటలు, తెలిసిన వాక్యాలు ఎక్కువ. ఆ సాదాతనాన్నే యంత్రం రాత అని అవి అనుకుంటయి. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్ఏఐ కంపెనీ తాను చేసిన పట్టే యంత్రం సరిగ పనిచేస్తలేదని 2023 జూలైలో తానే ఎనుకకు తీసుకున్నది.

సంఘ కార్యకర్తలు ఇది రాసుకోండి. యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. అండ్ల లెక్క పోలికకు సంబంధించింది, అంటే వేరేవాళ్ళ రాతతో ఎంత కలుస్తున్నదని. 10 శాతం దాక శిక్ష లేదు. 10 నుంచి 40 దాక అయితే 6 నెలలు మించకుండ గడువిచ్చి సవరించిన ప్రతి ఇయ్యమంటరు. 40 నుంచి 60 దాక అయితే ఏడాది దాక ఇయ్యనీయరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపి ఎత్తిరాసిన మాటలు, గ్రంథ సూచిక, చట్టాలు ఈ లెక్కలోకి రావు. తప్పు సందేహం లేకుండ రుజువై, అప్పీళ్ళన్నీ అయిపోయి, తన మాట చెప్పుకునే అవకాశం పూర్తిగ ఇచ్చినంకనే శిక్ష వెయ్యాలని కూడా అండ్లనే ఉన్నది. "ఇంత శాతం ఏఐ" అన్న రిపోర్టు, ఈ పోలిక శాతం ఒకటి కాదు. రెండింటిని కలిపి భయపెడితే, ఏ యంత్రం, ఏ రిపోర్టు, ఏ నిబంధన అని రాతపూర్వకంగ అడగండి. పిల్లను కూసోబెట్టి నోటితోని అడగమనండి, తాను రాసిందైతే తాను చెప్తది. 2024లో హర్యానాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ న్యాయవిద్యార్థిని ఇట్లనే ఫెయిల్ చేస్తే ఆయన హైకోర్టుకు పోయిండు, కేసు నడుస్తుండంగనే యూనివర్సిటీ పాస్ చేసింది. మన పిల్లకు చండీగఢ్ దాక పోయే తాకత్ లేదు. కాబట్టి సాక్ష్యం ముందే జమ చేసుకోవాలె. తారీఖులు వేసిన నోటుబుక్కు, కొట్టివేతలున్న చిత్తుప్రతులు, కంప్యూటర్లో అయితే ఏ రోజు ఏం మార్చిందో చూపెట్టే పాత ప్రతులు, ఏవీ పారేయద్దు. మంచిర్యాల తమ్ముడిని గట్టెక్కించింది ఆయన గీకిన రెండు వందల పేజీల నోటుబుక్కే.

ఏఐ రాతను మనిషి రాతగ మార్చిస్తమని పైసలు గుంజే యాప్‌ల దిక్కు మాత్రం పోవద్దు. అది దొంగసొత్తుకు రంగేసుడు. పైగా మాటలు మార్చి మార్చి అర్థం కూడా చెడగొడతయి.

ఒక సంగతి మీద మేము గట్టిగ చెప్తున్నం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నడుస్తున్న కేసుల్లో బాధితుల పేర్లు, సాక్షుల మాటలు, ఊర్లు, ఫోటోలు ఈ యంత్రాలకు ఎక్కించకండి. నివేదిక తొందరగ తయారైతదని ఒక కార్యకర్త ఎక్కించబోతే మేమే చెయ్యి పట్టి ఆపినం. మనం ఇచ్చింది ఏ కంపెనీ కంప్యూటర్లో ఎన్నాళ్ళు ఉంటదో, దానితోని ఏం చేస్తరో మన చేతిలో లేదు. మనం ఇచ్చినవాటితోని యంత్రానికి నేర్పద్దని చెప్పే మీట చాలావాటిల్లో ఉంటది, దాన్ని నొక్కండి. నొక్కినంక కూడా సాక్షి పేరు ఇయ్యకండి. గవాయి చెప్పిన తల్లి మనల్ని నమ్మి చెప్పింది.

జగిత్యాల చెల్లె అధ్యాయం తిరిగి రాసుకోవడానికి రెండు నెలలు పట్టింది. "ఆత్మీయత" పేరా పోయింది. దొరకని 5 పుస్తకాలు పోయినయి. ఇంగ్లీషు మునుపటంత నున్నగ లేదు. జీతం అన్న మాటను జీతం అనే ఉంచింది, కింద ఫుట్‌నోటులో 1976 చట్టం పేరు, దాని పక్కన పెద్దనాయిన చెప్పిన అర్థం రాసింది. ముందుమాటలో, వ్యాకరణ దోషాలు చూసుకోవడానికి ఏ యంత్రాన్ని ఏ నెలల్లో వాడిందో పేరుతో సహా చెప్పి, విషయం, తర్జుమా, మిగిలిన తప్పులు తనవేనని రాసుకున్నది. ఆ మాట తీసేయాల్నా అని గైడ్‌ను అడిగితే, ఉండనీ అన్నడట.

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు మళ్ళీ ఇక్కడనే కూసుందం. డెసర్టేషన్లు రాస్తున్నోళ్ళు చేతితోని రాసిన చిత్తుప్రతులు, పుస్తకాల పట్టీలు తెచ్చుకోండి, ఒక్కొక్క పేరు వెతికి చూద్దాం. ఫోన్లు ఎట్లాగూ తెస్తరు.

జై భీమ్.